వాన పడదన్న మాట

డెబ్బై రెండో సంవత్సరం జూన్ నెల. మా క్వార్టర్ల చివర కుళాయి దగ్గర నీళ్ళకి నిలబడి ఉన్నాం. పక్కింటి చిట్టెమ్మ ఆకాశంకేసి చూసి, "వాన ఎప్పుడొస్తాదో ఏటో" అంది.

"ఈ ఏడు సరిగ్గా పడదేమోనే" అన్నాను నేను.

అంతే అన్నాను. బిందె నిండింది. నడుం మీద పెట్టుకుని ఇంటికొచ్చి వంకాయలు తరుక్కున్నాను. ఆ నాలుగు మాటల వల్ల రెండు నెలల తరవాత పదిమంది మగాళ్ళ మధ్య నిలబడాల్సొస్తుందని అప్పుడు నాకు తెలీదు.

మాది ఖరగ్‌పూర్. మా మామగారి తండ్రి నాటి నుంచీ రైల్వేలోనే. మా ఆయన గణపతిరావు క్యారేజీ షాపులో వడ్రంగి, పాత బోగీలకి చెక్కపని చేసేవాడు. ఇంట్లో ముగ్గురమే, ఆయన, నేను, మా అత్త దాలమ్మ. పెళ్ళయి పదకొండేళ్ళయినా నాకు కడుపు పండలేదు. అత్త నన్ను నోరు విప్పి తిట్టిన రోజు లేదు. నేను అన్నం వడ్డిస్తుంటే కంచంకేసి చూస్తూ కూర్చునేది, అంతే. టెక్కలి దగ్గర ఆవిడ తమ్ముడికి పెళ్ళికెదిగిన కూతురుంది. ఆ పిల్లని మా ఆయనకి ఇస్తామని రెండుసార్లు ఉత్తరాలొచ్చినాయి. ఈ సంగతి కాలనీలో అందరికీ తెలుసు. నాకు తెలుసని మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఆ ఏడు ఫిబ్రవరిలో సరోజాదేవిగారు నాకో పని ఇచ్చినారు. ఆవిడ కాలేజీలో చెట్ల శాస్త్రం చెప్పే మనిషి. పెళ్ళి చేసుకోలేదు. సుభాష్‌పల్లిలో అన్నగారు గోపాలంగారింట్లో ఉండేవారు. చదవడం రాయడం వచ్చిన ఆడమనిషి కావాలని గోపాలంగారు షాపులో అడిగితే మా ఆయనే నా పేరు చెప్పినాడు. నేను ఎనిమిదో క్లాసు దాకా చదువుకున్నాను.

పని తేలికే. మా క్వార్టర్ల నుంచి పూరీ గేట్ అనే రైలు గేటు అవతల దాకా ఉన్న చెట్లలో నలభైని ఆవిడ ఏరి పెట్టుకున్నారు. టేకు, వేప, నేరేడు, కదంబం, కానుగ. ఒక్కోదానికి నంబరు కొట్టిన రేకుబిళ్ళ తగిలించినాం. రోజూ పొద్దున్నే నేను ఆ నలభై చెట్ల దగ్గరికీ పోయి, ఏది మొగ్గ తొడిగింది, ఏది చిగురేసింది, ఏది ఆకు రాల్చింది అన్నది తేదీతో సహా పుస్తకంలో ఎక్కించాలి. అందని కొమ్మలు వంచి, మొగ్గ గట్టిగా ఉందో మెత్తబడిందో వేలితో నొక్కి చూడాలి. పిల్లల్లేని ఆడది తెల్లారకుండానే చెట్లని తడుముతూ ఏవో రాసుకుంటూ తిరుగుతుంటే చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి నాకంటూ ఒక పని దొరికింది. ఆ సంతోషంలో ఉన్నాను.

జూన్ మొదటి వారంలో పుస్తకం చూపించడానికి ఆవిడింటికి పోయినాను. ఆవిడ గదిలో గోడ పొడుగునా గళ్ళ కాగితాలు అతికించి ఉండేవి. ఎర్ర పెన్సిలు గీత సముద్రానిది. ఆకుపచ్చ గీత చెట్లది.

"సముద్రం వేడి ఎలాగ కొలుస్తారమ్మా?" అని అడిగినాను.

"ఓడ మీంచి బక్కెట్టుకి తాడు కట్టి దించి నీళ్ళు తోడతారు. అందులో థర్మామీటరు పెట్టి ఆ అంకె ఓడ పుస్తకంలో రాస్తారు. వందేళ్ళుగా రాస్తున్నారు రత్నం. కలకత్తాలో ఆ పుస్తకాలు గుట్టలుగా పడి ఉన్నాయి. సెలవులొచ్చినప్పుడల్లా వెళ్ళి నేను ఎత్తి రాసుకుంటూ ఉంటాను."

"మరి మన చెట్లు దేనికమ్మా?"

"సముద్రం వేడి మారితే గాలి మారుతుంది. గాలి మారితే వాన మారుతుంది. వాన కొలిచినవాళ్ళు ఎక్కడో తప్ప లేరు, చెట్లు మాత్రం అన్నిచోట్లా ఉన్నాయి. ఏ ఏడు టేకు ఎప్పుడు చిగురేసింది, కదంబం ఎప్పుడు పూసింది అని ఇరవయ్యేళ్ళు రాసి ఈ ఎర్రగీత పక్కన పెడితే, రెండూ ఎక్కడ కలిసి నడుస్తాయో తెలుస్తుంది. సముద్రం ఊరికే ఉండదు. కొన్నేళ్ళు వేడెక్కుతుంది, కొన్నేళ్ళు చల్లబడుతుంది. ఎవరూ చేసేది కాదు. దానంతట అదే. ఆ ఊపు ఎలా ఉంటుందో పట్టుకోవాలనే నా తాపత్రయం."

అలా చెప్తూ చెప్తూ ఆవిడ ఆగిపోయినారు. బల్ల మీద విదేశీ స్టాంపున్న ఉత్తరం ఉంది. దాన్ని తీసి మళ్ళీ అక్కడే పెట్టినారు.

"నాతో చదువుకున్నావిడ రాసింది. మనకి తూర్పుగా, చాలా దూరంలో, పెరూ అనే దేశం ఒడ్డున సముద్రం బాగా వేడెక్కుతోందట. పాత లెక్కల్లో అలా అయిన ఏళ్ళలో చాలాసార్లు మనకి వాన తగ్గింది. అన్నిసార్లూ కాదు. చాలాసార్లు." ఆవిడ గొంతు తగ్గించినారు. "నాకు భయంగా ఉంది రత్నం. ఎవరితోనూ అనకు. తప్పయితే నవ్వుతారు. నిజమైతే..."

నేను తలూపి వచ్చేసినాను. నాలుగో రోజున కుళాయి దగ్గర చిట్టెమ్మతో అనేసినాను.

జూన్ అయిపోయింది. జూలైలో రెండు జల్లులు పడి, ఎర్రనేల తడిసీ తడవకుండానే ఆరిపోయింది. కుళాయి పూటకో గంట వచ్చేది, తరవాత రోజుకో గంట. టేకు చెట్లు ఆకు విప్పడానికి భయపడినట్టు చిగుళ్ళు ముడుచుకునే ఉన్నాయి. కదంబం మొగ్గలు గోలీల్లా గట్టిగా ఉండి, అలాగే రాలిపోయినాయి. అన్నీ రాసినాను. ఊళ్ళ నుంచి వచ్చే ఉత్తరాల్లో కూడా అదే మాట, నారు ఎండిపోయింది, పశువుల్ని అమ్మేస్తున్నారు.

ముందు రేకుబిళ్ళలు పోయినాయి. ఏడో నంబరు, తొమ్మిదో నంబరు. ఎవరో ఆడుకోడానికి పీక్కుపోయినారనుకున్నాను. తరవాత ఒకరోజు తలుపు తీస్తే గడప మీద కోసిన నిమ్మకాయ, పసుపు, కుంకం. అత్త వచ్చి చూసి, మాటాడకుండా చీపురుతో మురిక్కాలవలోకి ఊడ్చేసింది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం కనపడలేదు. అది నన్ను నిమ్మకాయకన్నా ఎక్కువ భయపెట్టింది.

చిట్టెమ్మకి మూడేళ్ళ కూతురు, పైడి. రోజూ సాయంత్రం మా ఇంటికి పరిగెత్తుకొచ్చి చెయ్యి చాపేది, నేను బెల్లం ముక్క పెట్టేదాన్ని. ఆ వారంలో ఒక సాయంత్రం అలాగే పెట్టినాను. చిట్టెమ్మ వెనకాలే వచ్చింది. పిల్ల గుప్పిట విప్పి, ఆ బెల్లం తీసి కాలవలో పడేసింది. నావైపు చూడలేదు. పిల్ల చేతిని చీరచెంగుతో తుడిచింది. గట్టిగా, చర్మం ఎర్రబడేలా తుడిచి ఎత్తుకుపోయింది.

"సిల్లంగి" అన్న మాట మర్నాడు కుళాయి దగ్గర నా చెవిన పడింది. నేను రాగానే ఆడవాళ్ళు మాట ఆపేసినారు.

ఆ మాట వినగానే నాకు పోలమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు వేసవి సెలవులకి మా అమ్మమ్మగారి ఊరు పోయేవాళ్ళం. అక్కడ పోలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ముందు పళ్ళు పైనా కిందా ఒక్కటీ లేవు. ముసలిది కాదు, ముప్ఫై అయిదుంటాయేమో. ఎవరింటి దూడో చచ్చిపోతే ఆవిడే చిల్లంగి పెట్టిందని, చేతబడి చేసిందని, మంత్రం పలక్కుండా పటకారుతో పళ్ళు పీకేసినారట. ఆవిడ అన్నం నీళ్ళలో పిసికి తాగడం నేను చూసినాను. మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. నేను ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి నా పళ్ళు చూసుకున్నాను. మాది వర్క్‌షాపు ఊరు. ప్రతి ఇంట్లోనూ కటింగ్ ప్లయరుంటుంది.

మా ఆయనకి చెప్పినాను. ఆయనకి అప్పటికే తెలుసు. షాపులో ఆయన పక్కన కూర్చుని అన్నం తినడం మానేసినారట.

"ఆ పని మానీ రత్నం" అన్నాడు.

"మానేస్తే నిజమే గావాల అనుకోరా మావా?"

"నాకు తెల్దు. నాకేటీ తెల్దు." తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన భయపడడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పక్కగదిలో అత్త దగ్గింది. వింటోందని ఇద్దరికీ తెలిసింది.

ఆగస్టు రెండో వారంలో పైడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కుళాయి రాక అందరూ గేటు అవతలి పాడుబావి నీళ్ళు తోడుకుంటున్నారు, ఇంకా ముగ్గురు నలుగురు పిల్లలకి కూడా పట్టుకుంది. కానీ అందరికన్నా ఎక్కువ పైడికే వచ్చింది. ఆస్పత్రిలో వేసినారు. పిల్ల కళ్ళు లోపలికి పోయినాయని, ఏడవడానికి కూడా ఓపిక లేదని విన్నాను. చూడ్డానికి పోలేకపోయినాను. నా ఇంట్లోనే కూర్చుని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ దండం పెట్టడం కూడా కిటికీలోంచి ఎవరైనా చూస్తారేమోనని తలుపు మూసుకుని పెట్టినాను.

ఆదివారం సాయంత్రం కోవెల ముందు కూర్చుందామని పెద్దాయన నూకరాజు కబురంపినాడు. రిటైరైన రంపం మేస్త్రీ ఆయన. మావాళ్ళలో ఏ తగువొచ్చినా ఆయన మాటే. కబురు తెచ్చినవాడు గడప తొక్కకుండా వీధిలో నిలబడే చెప్పి పోయినాడు.

నేను సరోజాదేవిగారి దగ్గరికి పరిగెత్తినాను. పుస్తకం బల్ల మీద పెట్టేసినాను. "నేను మానేస్తానమ్మా" అని, అన్నీ చెప్పినాను. పోలమ్మ సంగతి కూడా.

ఆవిడ మొహం పాలిపోయింది. "తప్పు నాది. నీకు చెప్పకుండా ఉండాల్సింది" అన్నారు. "నిన్ను బలవంతం చెయ్యను. కానీ ఒక్క సంగతి విను. మంచి ఏళ్ళు రాసి చెడ్డ ఏడు వదిలేస్తే ఈ పుస్తకం అబద్ధం చెప్తుంది. మనకి కావల్సింది ఈ ఏడే. నువ్వు మానేసినా ఇది ఎవరో ఒకరు రాయాలి, నేనే వచ్చి రాస్తాను." మళ్ళీ ఆవిడే, "నేనొచ్చి వాళ్ళతో మాట్లాడనా?" అన్నారు.

"ఒద్దమ్మా. మీరు కాగితాలు పట్టుకొస్తే అవీ మంత్రాలే అనుకుంటారు."

ఆవిడ లేచి అటూ ఇటూ తిరిగినారు. హఠాత్తుగా, "మీ ఆయన పాత బోగీలు విప్పుతాడు కదూ? పాత టేకు దుంగ ముక్క, అడ్డకోత ఉన్నది దొరుకుతుందా?" అన్నారు.

శనివారం మా ఆయన ఫోర్‌మన్ విల్‌ఫ్రెడ్ దొరని అడిగి చీటీ రాయించుకుని, స్క్రాపులోంచి ఒక ముక్క తెచ్చినాడు. బోగీ అడుగు దూలం చివర. నా మూరెడంత ఉంది. ఆదివారం పొద్దున్న ముగ్గురం ఆవిడ వరండాలో కూర్చున్నాం. ఆవిడ కోత వైపు తడిపి, భూతద్దం పెట్టి చూపించినారు. గీతలు, ఒకదాని పక్కన ఒకటి.

"గీత ఏడాదికొకటని తెల్సండి" అన్నాడు మా ఆయన. "ఇన్నేళ్ళు రంపం పట్టినాను. కానీ కొన్ని సన్నంగా ఎందుకుంటాయో ఎప్పుడూ అనుకోనేదు."

"వాన బాగా పడిన ఏడు చెట్టు బాగా లావెక్కుతుంది. పడని ఏడు సన్నగీతే. ఇది సెంట్రల్ ప్రావిన్సెస్, అంటే ఇప్పటి మధ్యప్రదేశ్ వైపు టేకు. బోగీ కట్టిన ఏడు నంబరు ప్లేటు మీద ఉంది. చెట్టు ఎప్పుడు నరికారో కచ్చితంగా తెలీదు, నాలుగైదేళ్ళు అటూ ఇటూ అనుకో." ఆవిడ గుండుసూదులు గుచ్చుకుంటూ పోయినారు. తొమ్మిది సూదులు గుచ్చినారు. మా ఆయన వాటిని వేలితో ఒక్కోటీ ముట్టి చూసినాడు. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"అప్పుడు మా రత్నం నేదు కదండీ" అన్నాడు మెల్లిగా.

సాయంత్రం నాలుగింటికి కోవెల ముందు ఎండ ఇంకా మండుతూనే ఉంది. మగాళ్ళు పదిమంది గట్టు మీద. ఆడవాళ్ళు దూరంగా, గోడ నీడన. అత్త వాళ్ళలో కూర్చుంది, నా పక్కకి రాలేదు. పైడి తండ్రి తవిటయ్య ఆస్పత్రి నుంచి తిన్నగా వచ్చినాడు. రెండు రోజుల గడ్డం. చొక్కా జేబులోంచి కటింగ్ ప్లయరు పిడి బయటికి కనిపిస్తోంది. డ్యూటీలోంచి ఆస్పత్రికీ, ఆస్పత్రి నుంచి ఇక్కడికీ వచ్చి ఉంటాడు, కావాలని తెచ్చి ఉండడు అని నాకు నేను చెప్పుకున్నాను.

"వాన పడదని ముందే అన్నావా నేదా?" అన్నాడు నూకరాజు.

"అన్నాను."

"నీకెలా తెల్సు?"

సముద్రం గురించి చెప్పబోయినాను. ఎక్కడో పెరూ, ఓడలు, బక్కెట్లు. నా నోట్లోంచి వస్తుంటే నాకే అది మంత్రంలా వినపడింది. ఎవరో నవ్వినారు. మధ్యలోనే ఆపేసినాను.

అప్పుడు మా ఆయన ఆ దుంగ ముక్క పట్టుకొచ్చి నూకరాజు ఒళ్ళో పెట్టినాడు. "పెద్దయ్యా, నువ్వు రంపం మేస్త్రీవి. ఇది సూడు. సూది ఉన్న ప్రతి గీతా వాన పడని ఏడు. అప్పుడు ఏ బిళ్ళలు కట్టినారు? ఎవరు తడిమినారు ఈ సెట్టుని?"

నూకరాజు బొటనవేలి గోటితో గీతల మీద గీరుకుంటూ పోయినాడు. చివరి సూదుల దగ్గర ఆగి, బోగీ ఏ ఏటిదని అడిగినాడు. వేళ్ళు మడిచి వెనక్కి లెక్కెట్టుకున్నాడు.

"ఇది మా తాత ఒచ్చిన కరువు గావాల" అన్నాడు. ఎవరితోనో కాదు, తనతో తాను అన్నట్టు. "ఊళ్ళో తిండి నేక, ఈ లైను ఏస్తన్నారంటే, నడిసొచ్చినాడట. మనవందరం అలా ఒచ్చినవోళ్ళమే."

తవిటయ్య లేచి నిలబడ్డాడు.

"సెక్క సంగతి నాకెందుకు? నా గుంట, నా పైడి సచ్చిపోతంది. నాకు ఇయ్యాళ తేలాల." చెయ్యి జేబు మీదికి పోయింది. పెదాలు లోపలికి లాక్కుని పళ్ళ మీద బిగించుకున్నాను.

నూకరాజు గోడ వైపు తిరిగినాడు. "దాలమ్మా, నీ ఇంట్లో మనిసి. పదకొండేళ్ళు దాని సేతి కూడు తిన్నావు. నువ్వే సెప్పు."

అందరూ అత్తకేసి చూసినారు. టెక్కలి ఉత్తరాల సంగతి అందరికీ తెలుసు కదా. ఆవిడ ఏం చెప్తే ఆవిడకి లాభమో కూడా తెలుసు. నేను కళ్ళు మూసుకున్నాను.

అత్త చెంగుతో మొహం తుడుచుకుంది. తరవాత, "ఎండ సంపేత్తంది" అంది. "రత్నం, కుండలో నీల్లు ముంచి తేయే."

కోవెల మెట్ల పక్కన నీళ్ళకుండ ఉంది. చెంబు ముంచి తెచ్చినాను, సగం చీర మీదే ఒలికిపోయింది. అత్త నా చేతిలోంచి చెంబందుకుని, పైకెత్తి కాదు, అంచుకి నోరు పెట్టి తాగింది. గుటకలు వినపడుతున్నాయి. చివరి చుక్క దాకా తాగి, చెంబు కింద పెట్టి, మూతి తుడుచుకుంది.

నూకరాజు దుంగని గట్టు మీద పెట్టి లేచినాడు. "తవిటీ, పద. ఆస్పత్రిలో గుంట దగ్గరికి పోదాం. ఆ బావి నీల్లు ఎవలూ తాగొద్దు, కాసుకుని తాగండి" అన్నాడు. తవిటయ్య చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చినాడు. నూకరాజు భుజం పట్టుకుని నడిపించుకుపోయినాడు. ఒక్కొక్కరే లేచి పోయినారు. తీర్పు అంటూ ఎవరూ ఏమీ చెప్పలేదు.

పైడి తొమ్మిదో రోజున ఇంటికొచ్చింది. సెప్టెంబరులో కాస్త వాన పడింది, చాలీచాలని వాన. చిట్టెమ్మ నాతో మళ్ళీ మాట్లాడలేదు. మరుసటేడు వాళ్ళు ఆద్రా అనే ఇంకో రైల్వే ఊరికి బదిలీ అయి పోయినారు. నేను ఇప్పటికీ కుళాయి దగ్గర జనం ఉంటే దూరంగా నిలబడతాను.

చెప్పాల్సింది ఇంకొకటుంది. కోవెల దగ్గర కూర్చున్న మర్నాడు పొద్దున్న నేను చెట్ల దగ్గరికి బయల్దేరినాను. వెనక చప్పుడైతే తిరిగి చూసినాను. అత్త. చెప్పుల్లేకుండా, పదడుగుల వెనకాల వస్తోంది. ఎందుకని అడగలేదు. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ. నేను కొమ్మ వంచితే పట్టుకునేది.

నెల రోజుల తరవాత ఒక పొద్దున్న పూరీ గేట్ దగ్గర గేటు వేసేసినారు. గూడ్సు వస్తోంది. ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. అత్త పట్టాలకేసి చూస్తూ అంది.

"సిల్లంగి అన్న మాట ముందు నానే అన్నానే. జూలైలో. సిట్టెమ్మతో. నువ్వు ఎలిపోతే సాలనుకున్నాను. ఇంత దూరం పోద్దనుకోనేదు."

గూడ్సు వచ్చింది. ఒక్కో బోగీ దడదడమని పోతోంది. బొగ్గు బోగీలు, ఖాళీ బోగీలు, మళ్ళీ బొగ్గు. అది పోతున్నంతసేపూ నాకు ఎన్ని మాటలు వచ్చినాయో చెప్పలేను. పదకొండేళ్ళ మాటలు. ఆవిడ అలాగే తలొంచుకుని నిలబడింది. కాళ్ళు పగిలి, వేళ్ళ సందున ఎర్రమట్టి అంటుకుని ఉంది. నేను ఏమన్నా పడడానికే నిలబడిందని తెలుస్తోంది.

బండి పోయింది. గేటు లేచింది. అవతల నుంచి సైకిళ్ళు రావడం మొదలైంది. చెప్పుల్లేని అత్తకి ఆ పట్టాల మధ్య కంకర మీద నడవడం కష్టం.

చెయ్యి పట్టుకుని దాటించినాను.